ఖత్నాకు ముందు ఒక్క నజర్

మన ఇళ్లల్లో ఒక మాట వినబడుతుంటుంది. పుట్టిన బాబుకు తొలి స్నానం పోస్తూ దాదీయో నానీయో గమనించి సంబరంగా అంటుంది: "మాషా అల్లాహ్, ఇసకు తో ఫరిష్తేఇచ్ ఖత్నా కర్‌కే భేజే!" కొందరు పైదాయిషీ ఖత్నా అంటారు, ఇంకొందరు పైగంబరీ ఖత్నా అంటారు. టర్కీ తల్లులూ దాదాపు ఇదే మాట అంటారు, "పేగంబర్ సున్నెతి" అని. అంటే ఇది మా కొమురవెల్లి గల్లీలో పుట్టిన మాట కాదు, ఉమ్మత్‌లో చాలా దూరం తిరిగొచ్చిన మాట. అందులో ముహబ్బత్ ఉంది, బరకత్ మీద నమ్మకం ఉంది. ఆ మాటతో నాకు తగాదా లేదు. తగాదా అంతా దాని తర్వాత జరిగేదాంతో.

ఏం జరుగుతుంది? రెండిట్లో ఒకటి. "ఖత్నా అయ్యే పుట్టాడు కదా, ఇంకేం" అని పిల్లాణ్ని ఎవరికీ చూపించరు. లేదంటే నాలుగైదేళ్లు వచ్చాక, "పైన ఇంకా కొంచెం తోలు మిగిలింది, అది తీసేయిస్తే పని పూర్తవుతుంది" అని, దావత్ పెట్టుకుని తీసేయిస్తారు. రెండూ ఆ పిల్లాడి మీద జుల్మే. రెండోది మరీ.

సాఫ్‌గా చెప్తాను, షరమ్ కాసేపు పక్కన పెట్టి చదవండి. కొద్దిమంది పిల్లలు నిజంగానే ముందు తోలు లేకుండా పుడతారు, మిగతాదంతా సరిగ్గానే ఉంటుంది. వాళ్ల గురించి ఫికర్ లేదు. అలాంటివాళ్లకు మళ్లీ ఖత్నా అవసరం లేదని ఫుఖహా కూడా రాశారు. కానీ దాదీలు చూసి మురిసిపోయే పిల్లల్లో చాలామందిది వేరే సంగతి. తోలు కింది వైపు ఉండదు, పైన మాత్రం నఖాబ్‌లా వేలాడుతుంది. పేషాబ్ రంధ్రం కొసన ఉండదు, కింది వైపు ఉంటుంది. కొందరికి కొస దగ్గర్లోనే, కొందరికి మధ్యలో, ఇంకొందరికి బీజాల సంచి దాకా కిందికి. అంగం కిందికి వంగి ఉండటం కూడా తరచు కనిపిస్తుంది. డాక్టర్లు దీన్ని హైపోస్పాడియాస్ అంటారు. మగపిల్లల్లో సుమారు 250, 300 మందికి ఒకరికి ఉంటుంది. ఒక పెద్ద హైస్కూల్లో ఒకరో ఇద్దరో ఉండే లెక్క.

ఫిఖ్‌హ్ మసలా మాట్లాడింది తోలు గురించి, రంధ్రం గురించి కాదు. మనం ఆ మసలాను తెచ్చి ఈ పిల్లాడికి అంటించి, ఇలాజ్ మానేస్తున్నాం.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పేయాలి. ఇలాంటి పిల్లాడు పుట్టాడని తెలిస్తే మొదటి వేలు తల్లి వైపు వెళుతుంది. గ్రహణం రోజు బయట తిరిగిందని, ఏదో తినరానిది తిన్నదని, నజర్ తగిలిందని. ఆ నాలీ గర్భంలో మూడో నెల చుట్టుపక్కల కింది నుంచి కొస వైపు మూసుకుంటూ వస్తుంది. ఏదో కారణంతో మధ్యలో ఆగితే ఆగిన చోటే రంధ్రం ఉండిపోతుంది. తండ్రికో అన్నకో ఉంటే తర్వాతి బాబుకు వచ్చే అవకాశం మామూలు కంటే ఎక్కువ. గ్రహణానికీ కత్తికీ దీనికీ రిష్తా లేదు. కోడలిని కూర్చోబెట్టి సవాళ్లు అడిగే ఫుప్పూలకు ఇది చదివి వినిపించండి.

ఇక అసలు సంగతి. ఈ పిల్లాడికి ముందుగా ఖత్నా చేయించకూడదు. ఎందుకంటే మనం కోసి పారేసే ఆ తోలే రేపు సర్జన్ చేతిలో బట్ట.

మా అబ్బా దర్జీ. మల్లన్న జాతర రోజుల్లో, సంక్రాంతి నుంచి ఉగాది దాకా, ఆయన మిషన్‌కు తీరిక ఉండేది కాదు. ఆదివారం వస్తే గుట్ట కింద ఇసుక వేస్తే రాలని జనం. బోనం ఎత్తే అక్కలు బండారి అంటిన చేతులతోనే జాకెట్ బట్ట ఇచ్చి, కొలత చెప్పి వెళ్లేవాళ్లు. ఆ మిషన్ పక్కన కూర్చుని నేను నేర్చుకున్న ఉసూల్ ఒకటుంది: సిలాయి మీద సిలాయి పడొద్దు. పైబట్ట కుట్టూ అస్తర్ కుట్టూ ఒకే గీత మీద పడితే, లాగుడు వచ్చిన రోజు రెండూ కలిసే పిగులుతాయి. ఒకదాన్ని కొంచెం పక్కకు జరపాలి. చాలా ఏళ్ల తర్వాత ఒక పిల్లల సర్జన్ ఈ ఆపరేషన్‌ను కాగితం మీద బొమ్మ గీసి చెప్తుంటే నాకు అబ్బా మిషనే కళ్ల ముందుకొచ్చింది.

రంధ్రం కొసకు దగ్గర్లో ఉన్న పిల్లలకు ఎక్కువగా చేసే పద్ధతిని వారెన్ స్నోడ్‌గ్రాస్ అనే అమెరికా సర్జన్ 1994లో ప్రచురించాడు. రంధ్రం నుంచి కొస దాకా, నాలీ ఉండాల్సిన చోట ఒక మెత్తని పట్టీ ఉంటుంది. అది ఇరుకు. ఉన్నదున్నట్టు చుట్టి కుడితే లాగుడు పడుతుంది, లాగుడు పడిన కుట్టు నిలవదు. ఆయన ఆ పట్టీకి మధ్యలో నిలువుగా ఒక గాటు పెట్టాడు. పట్టీ రెండు వైపులా వదులవుతుంది. అప్పుడు దాన్ని సన్నని గొట్టం చుట్టూ చుట్టి నాలీలా కుడతారు. వాడే దారం వెంట్రుకంత సన్నం, తనంతట తానే కరిగిపోతుంది. సర్జన్ కళ్లకు భూతద్దాలు పెట్టుకుని కుడతాడు.

ఇక్కడి దాకా బాగానే ఉంది. కానీ పేషాబ్ మొండిది. కొత్త కుట్టులో సూదిమొనంత సందు దొరికినా బయటికి దారి చేసుకుంటుంది. అలా పక్కన పడే కంతను ఫిస్టులా అంటారు. ఈ ఆపరేషన్‌ను ఎక్కువగా చెడగొట్టే వాటిలో అదొకటి. దాన్ని ఆపడానికే అస్తర్. పైన నఖాబ్‌లా వేలాడే తోలు ఉంది చూశారా, దాని లోపలి నుంచి ఒక పల్చని పొరను, రక్తనాళాలు తెగకుండా, ఒక చివర మొదలుకు అంటి ఉండగానే విడదీస్తారు. దాన్ని కిందికి తిప్పి కొత్త నాలీ కుట్టు మీద పరుస్తారు. ఆ పైన తోలు కుట్టు. రెండు కుట్ల మధ్య బతికున్న పొర ఒకటి అడ్డంగా ఉంటుంది కాబట్టి ఒకటి కాస్త బలహీనపడినా ఇంకోటి కాపాడుతుంది. దీని పేరు డార్టోస్ పొర. బోస్టన్‌లో అలన్ రెటిక్, ఆయన సహచరులు ఇలా పొర కప్పి ఫిస్టులాను అడ్డుకోవడం గురించి అదే 1994లో రాశారు. పొరను కిందికి తేవడానికి కొందరు సర్జన్లు అందులో కాజా పెట్టి, అంగం కొసను ఆ కాజాలోంచి దాటిస్తారు. కాజా అనే మాట నేను కల్పించింది కాదు. ఇంగ్లీషులో వాళ్లు వాడేది కూడా బొత్తాం కాజా మాటే. విని నేను నవ్వాను, అబ్బా ఉంటే గర్వపడేవారు.

రంధ్రం బాగా కింద ఉండి, వంపు ఎక్కువగా ఉన్న పిల్లలకు ఒక్కసారిలో కుదరదు. ఇంగ్లండ్‌కు చెందిన ఐవార్ బ్రాకా పేరు మీద ఉన్న రెండు దశల పద్ధతిలో ముందు వంపు సరిచేసి, ఆ తోలు లోపలి ముక్కనే తీసి నాలీ చోట అతికిస్తారు. ఆరు నెలలు ఆగుతారు. అది నాటుకున్నాక నాలీగా చుడతారు. ఇక్కడా ఆ తోలే. ఎటు తిరిగినా ఆ తోలే.

మరి అది ముందే పోతే? దారి పూర్తిగా మూసుకుపోదు, అల్హమ్దులిల్లాహ్. బుగ్గ లోపలి పొర తీసి అతికిస్తారు. బీజం చుట్టూ ఉండే పల్చని సంచి నుంచి పొర తెచ్చి అస్తర్‌గా వేస్తారు. బుగ్గ పొరతో పేషాబ్ నాలీ బాగు చేయడంలో మన దేశం వాళ్లు దునియాకు నేర్పే స్థాయిలో ఉన్నారు. పుణెలో డాక్టర్ సంజయ్ కులకర్ణి పద్ధతి అలాంటిదే. కానీ బుగ్గలో ఇంకో గాయం, ఇంకో కుట్టు, ఇంకింత సేపు మత్తు. పెద్దయ్యాక చేయించుకునే వాళ్లకైతే ఇంకో తక్లీఫ్: గుట్కా నమిలి నమిలి బుగ్గ లోపల గట్టిపడిన నోట్లో సర్జన్‌కు మంచి బట్ట దొరకదు. జాతర దుకాణాల్లో గుట్కా మాలల్లా వేలాడటం చూసినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది.

అల్లాహ్ ఆ పిల్లాడికి ఇచ్చిన తోలు అతని అమానత్. దాని అవసరం ఉందో లేదో చూడకుండా కోయడం ఖయానత్ అని నా మాట. కొందరు బుజుర్గ్‌లకు ఇది కటువుగా అనిపించొచ్చు, మాఫ్ చేయండి.

"ఖత్నా ఆపమంటావా?" అని నన్ను నిలదీసిన వాళ్లున్నారు. ఆపమనడం లేదు, వరస మార్చమంటున్నాను. హనఫీల దగ్గర ఖత్నా సున్నత్, షాఫయీల దగ్గర వాజిబ్. ఎవరి దగ్గరా ఫలానా నెలలోపే అయిపోవాలనే హద్దు లేదు, బాలిగ్ అయ్యేలోపు చాలు. నష్టం ఉందని జానకార్ చెప్తే వాయిదా వేయడానికి దీన్‌లో జాగా ఉంది. పైగా ఆపరేషన్ పూర్తయ్యేసరికి ఆ తోలంతా పనిలో వాడుకోవడం అయిపోతుంది, చాలామంది పిల్లలు ఖత్నా అయినట్టే కనిపిస్తారు. సున్నతూ పూర్తి, ఇలాజూ పూర్తి. ఇంత సీదాగా ఉన్న దారిని వదిలి మనం అడ్డదారిన ఎందుకు పోవాలి?

మన తారీఖ్‌లోనే దీనికి సనద్ ఉంది. కుర్తుబాలో అబుల్ ఖాసిమ్ అల్ జహ్రావీ (936-1013) "అల్ తస్రీఫ్" అనే 30 భాగాల కితాబ్ రాశాడు. చివరి భాగం అంతా సర్జరీ. అందులో ఖత్నా ఎలా చేయాలో రాశాడు. పాతకాలపు యూనానీ హకీముల కితాబుల్లో ఖత్నా లేదు, ఎందుకంటే అది వాళ్ల రివాజ్ కాదు, కాబట్టి తన తజ్రుబా నుంచే రాస్తున్నానని చెప్పాడు. కత్తి పద్ధతీ చూసి, కత్తెరతో దారం కట్టి చేసే పద్ధతే మేలన్నాడు. గమనించాల్సింది ఏమంటే, అదే భాగంలో పేషాబ్ రంధ్రం మూసుకుపోయి, ఇరుకుగా, లేదా తన చోట కాక వేరే చోట ఉండి పుట్టే పిల్లల గురించి కూడా ఆయన రాశాడు. వెయ్యేళ్ల కిందట ఆ కలం రెండు విషయాలనూ ఒకే చోట చూసింది. మనం 2020లు దాటుతూ ఒకటి చూస్తున్నాం, ఒకటి వదిలేస్తున్నాం.

హజామ్ చాచాల మీద నేను బురద చల్లను. వాళ్లను మనం పిలిచింది కోయడానికి, చూడమని ఎవరూ అడగలేదు. ఇంటి ముందు షామియానా వేసి, దేగ్ ఎక్కించి, ఫూల్ హార్ వేసి పిల్లాణ్ని కూర్చోబెట్టాక, "ఈ పిల్లాడికి ఏదో తేడాగా ఉంది, ఆపుదాం" అనే ధైర్యం ఎంతమంది హజామ్‌లకు ఉంటుంది? డాక్టర్ల దగ్గర జరిగే ఖత్నాల్లోనూ ఒక్కోసారి ఇదే హడావిడి. తోలు మామూలుగానే పూర్తిగా ఉండి, వెనక్కి లాగాక మాత్రమే రంధ్రం తేడా బయటపడే రకం కూడా ఒకటుంది. అప్పుడు కూడా చేయి అక్కడే ఆగాలి. దేగ్‌లోని బిర్యానీ ఎటూ పోదు, మెహమాన్లు తినే వెళ్తారు.

మా దూరపు రిష్తాలో ఒక అబ్బాయి ఉన్నాడు. పేరు, ఊరు రాయను. ఇప్పుడు ఇంటర్. ఐదో ఏట తన చచేరా భాయ్‌తో కలిపి ఒకే దావత్‌లో ఖత్నా చేశారు. "పైన మిగిలింది" తీసేశారు. రంధ్రం కింద ఉందని ఏడో ఏట తేలింది. రెండు ఆపరేషన్లు అయ్యాయి. రెండోదాని తర్వాత కూడా ఒక చిన్న కంత మిగిలింది. పేషాబ్ రెండు చోట్ల నుంచి వస్తుంది, లేచాక కూడా కాసేపు బొట్టు బొట్టుగా పడుతుంది. ఒక రోజు జుమా అయ్యాక మస్జిద్ బయట చెప్పుల దగ్గర నిలబడి నన్ను అడిగాడు: "చాచా, నా వజూ నిలుస్తదా?"

ఇమాం సాబ్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన చాలా నెమ్మదిగా అడిగారు, బొట్టు కాసేపటికి ఆగుతుందా లేదా అని. ఆగుతుందంటే ఆగేదాకా ఉండి, శుభ్రం చేసుకుని వజూ చేసుకోమన్నారు. ఒక నమాజ్ వక్త్ అంతా ఆగకపోతే మాజూర్ హుకుమ్ వర్తిస్తుందని, ప్రతి వక్త్‌కు కొత్త వజూ చాలని చెప్పారు. దీన్‌లో దారి ఉంది. కానీ పదిహేడేళ్ల పిల్లాడు సఫ్‌లో నిలబడి పైజామా తడిసిందా అని చూసుకోవడం ఏ మసలా తీరుస్తుంది? వాడు అడిగింది వజూ గురించే, అడగని సవాళ్లు ఇంకా ఉన్నాయని నాకు తెలుసు. నికాహ్ మాట ఇంట్లో ఎవరూ ఎత్తడం లేదు.

ఇది ఆలస్యంగా తేలడానికి మన ఇళ్లల్లో ప్రత్యేకంగా ఒక కారణం ఉంది. మన పిల్లలకు చిన్నప్పటి నుంచి కూర్చునే పేషాబ్ చేయడం నేర్పుతాం. అది మంచి అదబ్. అయితే నిలబడి పోసే పిల్లాడి ధార కాళ్ల మీద పడుతుంటే ఎవరో ఒకరు చూస్తారు, కూర్చున్న పిల్లాడిది ఎవరికీ కనబడదు. అందుకే అమ్మీలు స్నానం చేయించేటప్పుడే చూడాలి. రంధ్రం ఎక్కడుంది, ధార ఎటు పోతోంది, బీజాలు రెండూ సంచిలో తగులుతున్నాయా. రంధ్రం కింద ఉండి, బీజాలు కూడా చేతికి తగలకపోతే రోజుల్లోనే పెద్ద ఆసుపత్రికి వెళ్లాలి. హార్మోన్ల తేడా ఏమైనా ఉందేమో రక్త పరీక్షలతో చూస్తారు, కొన్నిట్లో జాన్‌కే ఖత్రా ఉంటుంది. మిగతా పిల్లలకు అంత తొందర అక్కర్లేదు. సాధారణంగా ఆరు నెలల నుంచి ఏడాదిన్నర లోపు ఆపరేషన్‌కు మంచి కాలం అంటారు. ఆ వయసు పిల్లాడికి తర్వాత ఏమీ గుర్తుండదు.

మొదటి ఆపరేషనే అన్నిటికంటే మంచి అవకాశం. ఒకసారి కోసి కుట్టిన చోట కండ గట్టిపడుతుంది, రక్తం తక్కువ అందుతుంది, రెండోసారి కుట్టు పట్టడం కష్టం. అందుకే దగ్గర్లో ఉన్నాడని, తెలిసినవాడని ఎవరితో పడితే వాళ్లతో చేయించకండి. పిల్లల సర్జన్ గానీ, ఈ పనే ఎక్కువగా చేసే యూరాలజిస్టు గానీ కావాలి. అడగడానికి షరమ్ పడొద్దు: డాక్టర్ సాబ్, ఇలాంటివి ఏడాదికి ఎన్ని చేస్తారు? నాలీ మీద రెండో పొర వేస్తారా? గొట్టం ఎన్ని రోజులు ఉంచుతారు? రాత్రి గొట్టం మూసుకుపోతే ఎవరికి ఫోన్ చేయాలి? మంచి సర్జన్ ఈ సవాళ్లకు కోప్పడడు.

ఎంత మంచి చేతుల్లోనైనా కొందరికి కంత పడుతుంది, ముఖ్యంగా రంధ్రం బాగా కింద ఉన్నవాళ్లకు. కొసన రంధ్రం ఇరుకైపోవడం, కొస కుట్టు విడిపోవడం కూడా జరగొచ్చు. అప్పుడు సబర్ కావాలి. వాపు తగ్గి, కండ మెత్తబడటానికి కనీసం ఆరు నెలలు ఆగి మళ్లీ చేస్తారు. "వచ్చే నెలే చేసేయండి" అని డాక్టర్ల వెంటపడే అబ్బాజాన్‌లు తెలియకుండా పిల్లాడికే నష్టం చేస్తారు. ఇంటికొచ్చాక గొట్టం మడత పడకుండా చూడటం, పిల్లాడికి మలబద్ధకం రాకుండా నీళ్లు బాగా తాగించడం మన పని. ముక్కితే ఆ జోరు కుట్ల మీద పడుతుంది.

ఇక జబాన్ తక్లీఫ్. నేను ఉర్దూ మీడియంలో చదివినప్పుడు మసానా, గుర్దే అని నేర్చుకున్నాను. డిగ్రీలో తెలుగు తీసుకున్నాక మూత్రాశయం, మూత్రపిండాలు అని నేర్చుకున్నాను. ఆసుపత్రిలో సంతకం చేయాల్సిన కాగితం ఈ రెండింట్లోనూ లేదు, ఇంగ్లీషులో ఉంది. ఆ అబ్బాయి తల్లి మొదటి ఆపరేషన్ కాగితం మీద అడిగిన చోటల్లా వేలిముద్ర వేసింది. ఏం చేయబోతున్నారో ఆమెకు ఇంటి భాషలో ఎవరూ చెప్పలేదు. జబ్బుకు మనం నోట పలికే పేరు "పైదాయిషీ ఖత్నా" ఒక్కటే అయినప్పుడు, అది జబ్బని ఎవరికి తడుతుంది? "రంధ్రం కింద" అని చెప్పండి, చాలు. ఏ డాక్టర్‌కైనా అర్థమవుతుంది.

హుకూమత్‌కూ ఒక మాట. స్కూళ్లకూ అంగన్‌వాడీలకూ వచ్చి పిల్లల్ని పరీక్షించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమ్ 2013లో మొదలైంది. పుట్టుకతో వచ్చే లోపాలంటూ తొమ్మిది రాసుకున్నారు. అందులో పెదవి చీలిక ఉంది, వంకర పాదం ఉంది, గుండె కంత ఉంది. ఇది లేదు. కనబడే చోట ఉన్నది చూశారు, బట్ట కింద ఉన్నది వదిలేశారు. కాన్పు అయిన ఆసుపత్రిలో డిశ్చార్జ్ కాగితం మీద "మగశిశువు, రంధ్రం సరైన చోట ఉంది" అని ఒక గడి పెట్టడానికి ఎంత ఖర్చవుతుంది? మన మస్జిద్ కమిటీలు కూడా హజామ్ దగ్గరికి వెళ్లే ముందు ఒక డాక్టర్ చీటీ తప్పనిసరి అంటే ఎవరు కాదంటారు? జుమా బయాన్‌లో ఏడాదికి ఒకసారి రెండు నిమిషాలు చాలు. మా ఇమాం సాబ్ ఒప్పుకున్నారు.

కొమురవెల్లి, చేర్యాల వైపు వాళ్లకు దారి కూడా చెప్తాను. సిద్దిపేటలో 2018 నుంచి గవర్నమెంట్ మెడికల్ కాలేజీ ఉంది, ముందు అక్కడ చూపించి చీటీ రాయించుకోవచ్చు. హైదరాబాద్‌లో నీలోఫర్‌లో పిల్లల సర్జరీ విభాగం ఉంది. కమాన్ దగ్గర రాజీవ్ రహదారి ఎక్కితే పొద్దున వెళ్లి సాయంత్రానికి రావచ్చు. ఆ ఆసుపత్రికి పేరిచ్చిన షెహజాదీ నీలోఫర్ కూడా టర్కీలోనే పుట్టి, నిజాం ఇంటికి కోడలిగా వచ్చింది. ఈ ఆపరేషన్ ఆరోగ్యశ్రీ జాబితాలో పిల్లల సర్జరీల కింద ఉంది, 2023 డిసెంబర్ నుంచి ఆ పథకం హద్దు ఏడాదికి 10 లక్షలు. రేషన్ కార్డు, ఆధార్, బాబు పుట్టిన సర్టిఫికెట్ పెట్టుకోండి. దావత్ తారీఖ్ ఇంకా ఎవరికీ చెప్పకండి.